తడిసిన తరవాత

శనివారం, డోరో నది మీద మంచు లేవకముందే
నా దుప్పటి పరిచేవాణ్ణి.
తుప్పు తాళాలు, నాలుక ఊడిన గంటలు,
ఎవరివో పెళ్లి ఫొటోలు,
వాటి మధ్య ఒక చుట్టల పెట్టెలో
గడ్డం బ్రష్షులు పదో పన్నెండో.
పోయినవాళ్ల ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు
గడియారాల కోసం కొట్టుకుంటారు గాని
బ్రష్షు ఎవరూ అడగరు.

లుదొవీనా అడిగేది.
యాభై దాటిన మనిషి, మెడకి ఉన్ని మఫ్లరు,
చేతులు మాత్రం ఎప్పుడు చూసినా
అప్పుడే కడుక్కొచ్చినట్టు.
చాలా వారాలు నా బోణీ ఆవిడదే.

మీ ఆయనకా అని అడిగాను ఒకసారి.
"నాకు ఆయనెక్కడున్నాడు" అంది నవ్వకుండా,
తల కూడా ఎత్తకుండా.

వచ్చేవాళ్లంతా ముందు పిడి చూస్తారు.
కొమ్ముదా, ఆలివ్ చెక్కదా,
అడుగున ముద్ర అరిగిందా, ఉందా.
ఆవిడకి పిడితో పనిలేదు.
కుచ్చు మొదట్లో బొటనవేలు పెట్టి నొక్కేది,
నొప్పెట్టే పన్ను ఏదో వెతికినట్టు.
ఊడే వెంట్రుకలున్నాయేమో రెండుసార్లు లాగేది.
ఆపైన సంచీలోంచి ఫ్లాస్కు తీసి
వేడినీళ్లలో ముంచి, విదిలించి,
మణికట్టు లోపల, నాడి కొట్టుకునే చోట
కళ్లు మూసుకుని మూడు చుట్లు తిప్పేది.

"పొడిగా ఉన్నప్పుడు అన్నీ అబద్ధాలే చెబుతాయి."

పంది వెంట్రుక మొదట్లో ముల్లులా గుచ్చుతుందనీ
వాడగా వాడగా కొసలు చీలి
పిల్లి పొట్టంత మెత్తనవుతుందనీ
దానికో ఏడాది పడుతుందనీ
ఆ ఏడాదీ ఎవరి చెంపో ఓర్చుకోవాలనీ
ఆవిడ చెబితేనే తెలిసింది.
బ్యాడ్జరు తడిస్తే అడివి వాసన,
నీళ్లు కడుపులో దాచుకుని
అడిగినంతే వదులుతుంది.
కొత్తవి మాత్రం కొనేది కాదు.
"సగం పని ఎవడో చేసిపెట్టి పోయాడుగా."

ఒక చలికాలం, అద్దె బాకీ,
గుర్రపు తోక వెంట్రుకకి నడుమ నల్లచార దిద్ది
బ్యాడ్జరన్నాను. ముప్పై యూరోలన్నాను,
గొంతు తడబడకుండా.
ఆవిడ తడిపింది. తిప్పింది.
మణికట్టు మీద సన్నటి నల్లగీత.
గీతని చూసింది. నన్ను చూసింది.
ముప్పై లెక్కపెట్టి నా చేతిలో పెట్టి
"మంచి గుర్రం" అని వెళ్లిపోయింది.
ఆ డబ్బు అద్దెకే పోయింది,
నిద్ర మాత్రం దేనికి పోయిందో.

మార్చిలో మెట్ల మీద జారి తుంటి విరిగింది.
కొండమీది ఆసుపత్రి, మగాళ్ల వార్డు,
తెల్లారగట్ల ఐదింటికి చక్రాల బల్ల చప్పుడు.
బల్ల మీద వేడినీళ్ల గిన్నె, సబ్బు,
ఆవిడే.
సొరుగు లాగితే వరసగా బ్రష్షులు,
పిడి పిడికీ దారం, దారానికి మంచం నంబరు.

పదకొండుకి బ్యాడ్జరు,
మందులకి ఆయన చర్మం ఉల్లిపొరైపోయింది.
ఆరో నంబరు మతిమరుపాయనకి
పిడి పగిలిందే ఇవ్వాలి,
వేళ్లు ఆ పగులు గుర్తుపడతాయి.
ఒక ముఖానికి ఒకటే. ఇంటికెళ్తే దానితోనే వెళ్తారు,
ఇంకో చోటికెళ్లినా దానితోనే.
ఇన్నేళ్లు కొన్నా
సొరుగెందుకు నిండలేదో అప్పుడర్థమైంది.

సిగ్గు చంపుకుని అడిగాను, నా గుర్రమేదీ అని.
"అఫురాద పడవలాయన పట్టుకుపోయాడు.
బ్యాడ్జరనుకున్నాడు పాపం,
నేనూ కాదనలేదు."

నా వంతొచ్చింది. చివరి గదిలోంచి
కాగితం చుట్ట విప్పి తీసింది,
కొత్త పంది వెంట్రుక బ్రష్షు,
కొసలింకా చీలనిది,
ఎవడి చెంపా ఎరగనిది.
కొత్తది ఆవిడ చేతిలో చూడటం అదే మొదలు.

కొత్తదేమిటి, అన్నాను.
"ఏడాది పని ఉంది దీనితో," అంది
గిన్నెలో నురగ తిప్పుతూ. "తల కదపకు."

గుచ్చింది.
చెంపలు, గదవ, మీసం కింద,
ముళ్లకంపలో మొహం పెట్టినట్టు గుచ్చింది.
నవ్వొచ్చి నోట్లోకి నురగ పోయింది.